లామినేషన్ చేయించుకున్న పేరు

కారు విలువ నలభై వేలు. దాన్ని నడిపే మనిషి విలువ, ఇన్సూరెన్స్ కాగితం ప్రకారం, పదిహేను లక్షలు. మనిషి పోయి ఐదు రోజులైంది. కాగితం దొంగదని నిన్న సాయంత్రం కంపెనీ తేల్చింది.

బుధవారం ఉదయం తొమ్మిదీ పదిహేనుకి కిష్టమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లోని నా ఆఫీసుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పక్కనున్న బోర్డునే చూస్తూ నిలబడింది. ఆ బోర్డు రాసింది ఆమె భర్త ఇస్సాకే. 'లలితకుమారి, ప్రైవేట్ డిటెక్టివ్' అని రాయమంటే ఒత్తు మింగేశాడు. అందుకని మూడేళ్ళుగా నేను 'డిటెకివ్'ని. తప్పు చూపిస్తే తల గోక్కుని, "ఒత్తు పెడ్త మేడం, జర గీ పచ్చరంగు దొరకనీయుండ్రి" అన్నాడు. ఆ రంగు ఇక దొరకదు. బోర్డు కింది మూలలో మాత్రం తన పేరు చిన్న అక్షరాలతో, ఒక్క తప్పూ లేకుండా రాసుకున్నాడు.

శుక్రవారం తెల్లవారి ఐదూ ఇరవైకి ఇస్సాకు కొత్తపేటలోని ఇంటి నుంచి తన పధ్నాలుగేళ్ళ కారులో బయలుదేరాడు. ఆరూ ఐదుకి నాదర్‌గుల్ అవతల పాత రాళ్ళ క్వారీ దగ్గర కాపలావాడికి ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. ఆరూ నలభైకి గుంతలో కారు కనిపించింది. స్టీరింగ్ వెనక ఇస్సాకు, తల పగిలి ఉన్నాడు. నిద్రమత్తులో గుంతలోకి పోనిచ్చాడని పోలీసులు రాసుకున్నారు.

"ఇయ్యాల ఐదు గొట్టేలోపల క్లెయిమ్ వాపస్ తీసుకుంటున్న అని సంతకం పెట్టాలంట మేడం" అంది కిష్టమ్మ. "లేకుంటే దొంగ పాలసీ పెట్టినందుకు నా మీదనే కేసు పెడ్తరంట."

"ఎవరు చెప్పారు?"

"కంపెనీకెల్లి ఫోన్ చేసిండు. విశ్వేశ్వరరావు సారంట."

ఆ పేరు వినగానే నోరు చేదైంది. ఆయనా నేనూ ఆ కంపెనీలోనే పదకొండేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. ఒక చనిపోయిన లారీ డ్రైవరు క్లెయిమ్‌ని అన్యాయంగా తిప్పికొట్టే కాగితం మీద సంతకం పెట్టనని నేను ఉద్యోగం వదిలేశాను. ఆయన పెట్టాడు, పెద్ద దర్యాప్తు అధికారి అయ్యాడు. నా కడుపుమంట దాచుకునేదేమీ లేదు, ఉన్నదే.

"కూర్చో కిష్టమ్మా. కాగితం చూపించు."

సంచిలోంచి బైబిల్ తీసి, దాని మధ్యలోంచి పాలసీ తీసింది. ప్లాస్టిక్ అద్ది లామినేషన్ చేయించిన కాగితం. థర్డ్ పార్టీ పాలసీ, దాంతోపాటు బండి యజమానికి పదిహేను లక్షల ప్రమాద బీమా.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు తీసుకోలేదు?"

"బండికే నలభై వేలు రావు, దాని మీద గన్ని పైసలు కట్టుడెందుకన్నడు. థర్డ్ పార్టీ అంటే మన బండి ఎవర్నన్న గుద్దితే వాళ్ళకిస్తరంట, మన బండికేమైనా మనకేం రాదంట. నడిపేటోనికేమన్న అయితే వచ్చేది వేరే ఉంటదంట, అది కలుపుకున్నడు. 'బండి పోతే పోనీ కిష్టమ్మ, నేను పోతే నీకుండాలె' అన్నడు."

పాత కారుకి అంతకన్నా తెలివైన లెక్క ఏ ఏజెంటూ చెప్పలేడు. పాపం, లెక్క సరిగ్గానే వేసుకున్నాడు. కాగితమే దగా చేసింది. కంపెనీ చెప్పినదాని ప్రకారం వాళ్ళ కంప్యూటర్లో ఇదే పాలసీ నంబరు, ఇదే బండి నంబరు ఉన్నాయి, కానీ బండి కారు కాదు, స్కూటీ అని ఉంది. స్కూటీకి కట్టాల్సింది కారుకి కట్టాల్సిన దాంట్లో మూడో వంతు. ఎవడో కారు డబ్బు తీసుకుని, స్కూటీ పాలసీ తీసి, అచ్చు వేసేటప్పుడు 'స్కూటీ' చెరిపి 'కారు' అని దిద్దాడు. ఆ దిద్దినవాడు ఇస్సాకే అని కంపెనీ అంటోంది. కంపెనీ ఏజెంటు అంటగట్టిన కాగితమైతే కంపెనీ మెడకి చుట్టుకుంటుంది. ఇస్సాకు దిద్దుకున్నదైతే కిష్టమ్మకి చిల్లిగవ్వ రాదు, పైగా చచ్చిపోయినవాడు దొంగ అవుతాడు.

"ఇది దొంగదని ఇస్సాకుకి ఎప్పుడు తెలిసింది?"

"పోయిన సోమవారం. రెన్యువల్ దగ్గర పడ్డది గదా, ఇంకేడన్న తక్కువకొస్తదేమోనని ఎల్బీనగర్ల ఒక ఆఫీసుకు పోయిండు. ఆడి పోరి గీ కాగితం స్కాన్ చేసి, 'అంకుల్, ఇది స్కూటీ పాలసీ' అన్నదంట. ఆ దినం బువ్వ తినలే మేడం. మా చర్చిల పదకొండు మందికి ఈయననే చెప్పి ఇప్పిచ్చిండు గీ పాలసీలు. 'నా మాట మీద కట్టిండ్రు, వాళ్ళకు మొఖమెట్ల సూపియ్యాలె' అని ఒకటే పరేషాన్."

"తర్వాత ఏం చేశాడు?"

"మంగళారం కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చిండు. బేస్తారం ఎవరో కంపెనీ సారు ఫోన్ చేసిండంట. శుక్రారం పొద్దుగాల్నే నాదర్‌గుల్ దిక్కు రా, ఆర్‌సీ, అసలు పాలసీ పట్టుకరా అన్నడంట. కొత్త ఇంటికి రంగుల పని గూడ ఉందన్నడంట. రెండు పనులైతయని పోయిండు."

"ఆ సారు పేరు?"

"చెప్పలే. కంపెనీ సారు అన్నడు, గంతే."

ఇస్సాకు ఫోను క్వారీ నీళ్ళలో పడి పనికిరాకుండా పోయింది. పోలీసులు తిరిగిచ్చిన సామానులో ఆర్‌సీ లేదు. ఫిర్యాదు చేసిన మూడో రోజుకే మనిషి పోవడం నాకు ప్రమాదంలా అనిపించలేదు.

"అసలు పాలసీ తెమ్మంటే ఇది ఇక్కడెందుకుంది?"

"నేనే ఆపిన. ఫోన్ల ఫోటో తీస్కపో, అసలుది బైబిల్లనే ఉండనీ అన్న. ఆయన పేరున్న కాగితం ఇదొక్కటే మేడం."

"ఒక్కటే అంటే?"

కిష్టమ్మ తడుముకుంది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"కాగితాలల్ల ఆయన పేరు మట్టయ్య. ఆర్‌సీల, ఆధార్ల, అన్నిట్ల గదే. పెండ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నడు, పాస్టరయ్య ఇస్సాకు అని పెట్టిండు. అప్పటిసంది మట్టయ్య అంటే పలికేటోడు కాదు. కొత్తపేటల ఆ పేరు ఎవ్వరికీ తెల్వదు. నాకు, సచ్చిపోయిన మా అత్తకు, గంతే. పోలీసులకు గూడ నేను ఇస్సాకనే చెప్పిన."

"మరి పాలసీలో ఇస్సాకు అనే ఉందే?"

"పేరేందని ఏజెంటు అడిగిండంట. ఈయన ఇస్సాకు అన్నడంట. గట్లనే కొట్టిండు, ఆర్‌సీ సూడనే లేదంట. అచ్చు కాగితం మీద నా పేరు పడ్డది సూడు కిష్టమ్మ అని ఎంత సంబరపడ్డడో. ఆ దినమే లామినేషన్ చేపిచ్చుకొచ్చిండు."

నిజమైన ఏజెంటు ఎవడూ ఆర్‌సీ చూడకుండా పేరు కొట్టడు. ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఒక పేరు ఉంటే క్లెయిమ్ తిప్పికొట్టడానికి అదొక్కటే చాలు. ఏ తప్పుని చూసి ఇస్సాకు మురిసిపోయాడో అదే మోసానికి మొదటి గుర్తు. కళ్ళు తుడుచుకుని కాగితం వెనక్కి తిప్పాను.

వెనకవైపు బాల్‌పెన్నుతో రాత ఉంది. 'రెన్వల్‌కి ఫోన్ చెయ్. మధు.' కింద ఫోన్ నంబరు, తేదీ. ఆ రాత ప్లాస్టిక్ లోపల ఉంది. అంటే లామినేషన్‌కి ముందు రాసిందే. ఆ మధు అనేవాడు ఈ కాగితాన్ని, 'కారు' అని దిద్ది ఉన్న ఈ కాగితాన్నే, తన చేత్తో ఇచ్చాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఫోటో చూపిస్తే మార్ఫింగ్ అంటారు. ప్లాస్టిక్ కింద గడ్డకట్టిన సిరాని ఎవరూ కాదనలేరు.

"బండి నడవడానికి బాగానే ఉండేదా?" అని అడిగాను, రెండు వైపులా ఫోటోలు తీసుకుంటూ.

"ముసల్ది గదా మేడం. ఆపి జరసేపుంచితే బ్యాటరీ దిగిపోతుండె. అందుకే యాడ ఆపినా బానెట్ ఎత్తి వైరు పీకి, గుడ్డ సుట్టి ముడేసేటోడు. మళ్ళ ఎక్కేటప్పుడు పెట్టుకునేటోడు. బండి కన్న దాని సేవలే ఎక్కువ."

"ఈ కాగితం నా దగ్గర ఉంచు కిష్టమ్మా."

ఆమె బైబిల్ని గుండెకి హత్తుకుంది. "ఇది నా దగ్గర్నే ఉంటది మేడం" అంది. నేను గట్టిగా అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఇంటికి వెళ్ళి తలుపు వేసుకోమని, ఎవరొచ్చినా తీయవద్దని మాత్రం చెప్పి పంపించాను.

*

కాగితం మీది నంబరు ఆరా తీసి పది నలభైకి మధుని పట్టుకున్నాను. కొత్తపేట మెయిన్ రోడ్డు పక్కన పొల్యూషన్ చెకింగ్ వ్యాను, ముందు ఒక బల్ల, మీద గొడుగు. సన్నగా ఉన్నాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. చెవి మీద పెన్ను. పొద్దుటి నుంచి పడుతున్న తుంపరకి బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నాడు. నేనెవరో చెప్పలేదు.

"బాబూ, మా కారు పదమూడేళ్ళది. ఇన్సూరెన్సు చవగ్గా ఏదైనా ఉందా?"

"గంత పాత బండికి ఫుల్ ఎందుకు మేడం? విలువ కట్టేదే గింతంత, పైంగ బండి చెకింగ్ అంటరు, పార్టులకు పాత బండని కోత పెడ్తరు. థర్డ్ పార్టీ తీస్కోండ్రి, పోలీసోడు ఆపితే సూపియ్యనీకి సాలు. తక్కువల చేపిస్త."

"ఎంత తక్కువ?"

"బయట ఇచ్చే రేటుకు వెయ్యి తక్కువ."

"థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం పెట్టింది కదయ్యా. ఎక్కడికెళ్ళినా ఒకటే ఉండాలి. నీ దగ్గర వెయ్యి ఎలా తగ్గింది?"

వాడి నవ్వు ఆగింది. "మనకు ఆఫర్ ఉంటది మేడం."

"ప్రభుత్వం రేటుకి ఆఫరేమిటి, దేవుడి ప్రసాదానికి డిస్కౌంటులాగా?"

ఈలోగా ఒక ట్రాలీ ఆటో వచ్చింది. వాడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆటోకి సర్టిఫికెట్ తీసి, చెవి మీది పెన్ను అందుకుని వెనక ఏదో రాసి ఇచ్చాడు. నేను ఆటో అతని భుజం మీదుగా చూశాను. 'రెన్వల్ 6 నెలలు.' ఆ మాటని 'రెన్వల్' అని రాసేవాళ్ళు ఈ రోడ్డు మీద ఇద్దరుంటారనుకోను.

ఆటో వెళ్ళాక ఫోన్లో ఫోటో చూపించాను.

"ఇది నీ రాత."

"కాదు."

"నంబరు నీది."

"నా నంబరు బోర్డు మీదనే ఉంది, ఎవరన్న రాసుకుంటరు."

"ఇస్సాకు తెలుసా?"

"ఏ ఇస్సాకు?"

"నీ బోర్డుకి రంగులేసిన ఇస్సాకు. అదిగో, మూలలో సంతకం ఉంది."

వాడు తిరిగి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"శుక్రవారం తెల్లవారి ఐదున్నర నుంచి ఏడు దాకా ఎక్కడున్నావు?"

"ఈడనే. ఆరింటికే వ్యాను పెట్టిన. కంప్యూటర్ల టైములుంటయి, సూస్కోండ్రి."

చూశాను. శుక్రవారం మొదటి సర్టిఫికెట్ ఆరూ రెండుకి. తర్వాత ఆరూ పధ్నాలుగు, ఆరూ ఇరవై తొమ్మిది. ప్రతిదాని మీదా బండి ఫోటో, ఒక ఫోటోలో బండి పక్కన వీడి చెయ్యి, వాచీతో సహా. కారు క్వారీలో పడింది ఆరూ ఐదుకి. వీడికి రెక్కలున్నా అక్కడికి చేరలేడు.

"నువ్వు చంపలేదు" అన్నాను.

చంపడం అన్న మాటకి వాడు కుర్చీలో కూలబడ్డాడు. "యాక్సిడెంట్ అన్నరు గద మేడం!"

"ఎవరన్నారు?"

వాడు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"దొంగ పాలసీలు నీ ఒక్కడి వల్ల ఇంతకాలం నడవవు. ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు క్లెయిమ్‌కి వస్తాడు, బయటపడుతుంది. వచ్చిన ప్రతివాణ్ణీ 'నువ్వే దొంగవి' అని బెదిరించి పంపేవాడు లోపల ఒకడుండాలి. ఎవరు?"

"మేడం, నాకిద్దరు పిల్లలున్నరు. పెద్దోళ్ళతోటి పెట్టుకోకుండ్రి. పోండ్రి" అని లేచి, పదకొండు కూడా కాకుండానే గొడుగు ముడిచేశాడు. భయపడ్డవాడు ఎటు పరిగెత్తుతాడో చూడాలని ఉన్నా, నాకు అంతకన్నా ముఖ్యమైన పని కారు దగ్గర ఉంది.

*

పదకొండూ యాభైకి ఎల్బీనగర్ దాటాక ఉన్న పోలీసు యార్డుకి చేరాను. పట్టుకొచ్చిన బండ్లన్నీ పడేసే ప్రహరీ గోడల ఖాళీ స్థలం అది. కాపలా హెడ్ కానిస్టేబుల్ అంతయ్య రేకుల షెడ్డు కింద టీ తాగుతున్నాడు. ఒకటే గేటు. గేటు పక్కన నా స్కూటీ పెట్టి లోపలికి వెళ్ళేసరికి, ఇస్సాకు కారు దగ్గర నల్ల గొడుగు కింద విశ్వేశ్వరరావు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, బూట్లకి బురద అంటకుండా ఇటుక మీద కాళ్ళు.

"లలితకుమారి గారా! ఇంకా ఈ పనిలోనే ఉన్నారా? బోర్డు మీద స్పెల్లింగ్ దిద్దించుకున్నారా లేదా?"

"దిద్దేవాడు చచ్చిపోయాడండీ. ఆ విషయం మీదే వచ్చాను."

"దాంట్లో విషయం ఏముంది? దొంగ పాలసీ. నిద్రపోయి బండి పోనిచ్చాడు. ఐదింటికి ఫైలు మూసేస్తున్నాను."

"ఫైలు మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

"నిన్న మధ్యాహ్నం. పాలసీ జిరాక్సు, పోలీసు రిపోర్టు, ఇంతే. అంతకు ముందు ఆ మనిషెవరో, ఈ కారేమిటో నాకు తెలియదు."

"ఆర్‌సీ?"

"ఫైల్లో లేదు. దొరికినప్పుడు చూద్దాం." గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఆవిడ ఇచ్చింది కలర్ జిరాక్సు. అసలు కాగితం ఉందా, లేక అదీ లేదా?"

ఇక్కడే నా నోరు జారింది. ఇరవయ్యేళ్ళ కిందటి బల్ల గుర్తొచ్చిందో, ఆయన వెటకారం గుచ్చుకుందో, గెలవాలన్న తాపత్రయం నన్ను ముంచేసింది.

"ఎందుకు లేదు? నిక్షేపంలా కిష్టమ్మ దగ్గరుంది. వెనకాల మీ ఏజెంటు చేతిరాత ప్లాస్టిక్ కింద భద్రంగా ఉంది. ఐదింటికి మీ మేనేజరు బల్ల మీద పెడతాను, చూద్దురుగాని."

ఆయన ముఖం ఏమీ మారలేదు. "మంచిది" అన్నాడు. వెంటనే జేబులో ఫోను తీసి, "ఒక్క నిమిషం, మా ఇంటి పుట్టీ పని ఆగిపోయింది, మేస్త్రీకి చెప్పాలి" అంటూ అవతలికి వెళ్ళాడు. మాటలు ముక్కలుగా వినిపించాయి. "ఇవాళే అవ్వాలి... ఇప్పుడే... చెప్పిన పేరు గుర్తుందిగా..." మేస్త్రీలతో ఎవరైనా అలాగే మాట్లాడతారు కదా అనుకుని నేను కారు వైపు తిరిగాను.

కుడివైపు తలుపులు నొక్కుకుపోయాయి. గుంతలోకి జారి పక్కకి ఒరిగింది కాబట్టి ముందు భాగం పెద్దగా దెబ్బతినలేదు. లోపల బురద, వెనక సీట్లో రంగు డబ్బా, రెండు బ్రష్షులు. డ్రైవరు సీటు మీద ఎండిన రక్తం చాలా తక్కువ. తల పగిలిన మనిషి అరగంట కూర్చున్న సీటు అలా ఉండదు. అంతయ్యని పిలిచాను.

"బానెట్ తీయించండి."

"జర గట్టిగున్నది మేడం" అంటూ ఆయన ఇనుప రాడ్డు తెచ్చి లేపాడు. నేను టార్చి వేశాను.

బ్యాటరీ వైరు పీకి ఉంది. దాని కొసకి ఆకుపచ్చ రంగు మరకల గుడ్డ చుట్టి, గట్టిగా ముడి వేసి ఉంది.

ఇస్సాకు నాదర్‌గుల్‌లో కారు ఆపాడు. ఎప్పటిలాగే బానెట్ ఎత్తి, వైరు పీకి, గుడ్డ చుట్టి, దించేశాడు. ఎవరినో కలిసి మాట్లాడటానికి దిగాడు. మళ్ళీ ఎక్కి బండి తీయలేదు. ఆ గుడ్డ విప్పకుండా ఈ కారు స్టార్ట్ అవ్వదు. స్టార్ట్ అవ్వని కారుని, లోపల మనిషిని కూర్చోబెట్టి, క్వారీ వాలులోకి తోసేశారు. చంపినవాడికి ఈ ముసలి కారు జబ్బు తెలియదు.

ఫోను ముగించుకుని వచ్చిన విశ్వేశ్వరరావుకి టార్చి వెలుగులో చూపించి, కిష్టమ్మ చెప్పింది చెప్పాను.

"దెబ్బకి ఊడిపోయి ఉంటుంది" అన్నాడు.

"దెబ్బకి ఊడిన వైరు తనకి తనే గుడ్డ చుట్టుకుని ముడి వేసుకుంటుందా?"

"క్రేన్‌వాళ్ళు కట్టి ఉంటారు."

"క్రేన్‌వాళ్ళ దగ్గర నా బోర్డుకేసిన పచ్చరంగు గుడ్డ ఉంటుందా?"

"ఏమిటండీ మీ గోల!" ఆయన గొంతు మొదటిసారి లేచింది. "బ్యాటరీ వైరు చూపించి హత్య అంటే కోర్టులో నవ్విపోతారు. రంగులేసుకునేవాణ్ణి పనిగట్టుకుని ఎవరు చంపుతారు? పొద్దున్నే లేచాడు, కళ్ళు మూతలు పడ్డాయి, పోయాడు. మట్టయ్య లాంటివాళ్ళు రోజుకి పదిమంది పోతారు ఈ రోడ్ల మీద. ప్రతి చావుకీ ఒక కథ అల్లుతారా మీరు?"

నేను బానెట్ మీద చెయ్యి అలాగే ఉంచాను. టార్చి ఆర్పాను. ముఖం ఎత్తితే కళ్ళల్లో కనిపించిపోతుందని వైరు వైపే చూస్తూ ఉండిపోయాను.

మట్టయ్య.

పాలసీలో ఇస్సాకు. పోలీసు రిపోర్టులో ఇస్సాకు. పేపర్లో వచ్చిన రెండు లైన్ల వార్తలో ఇస్సాకు. ఫోన్ యాప్‌లో బండి నంబరు కొడితే యజమాని పేరు సగం చుక్కలతోనే వస్తుంది. బండి కాగితాల్లో మట్టయ్య అన్న పేరు పూర్తిగా ఉన్నది ఆర్‌సీ మీదే. ఆ ఆర్‌సీ శుక్రవారం తెల్లవారి ఇస్సాకు జేబులో వెళ్ళింది, తిరిగి రాలేదు. దాన్ని ఈయన చూశాడు. నాదర్‌గుల్‌లో కొత్త ఇల్లు, రంగుల పని, కంపెనీ సారు.

"మీరన్నదీ నిజమే లెండి" అన్నాను. "అనవసరంగా ఊహించుకున్నానేమో."

ఆయన నన్ను ఒక క్షణం ఎక్కువే చూశాడు. "సంతోషం" అని గొడుగు సరిచేసుకుని గేటు వైపు నడిచాడు.

ఆయన పది అడుగులు వెళ్ళాక అంతయ్యని మెల్లగా అడిగాను. "ఈ సారు ఇంతకు ముందెప్పుడైనా వచ్చారా?"

"ఒచ్చిండు మేడం. శనారం పొద్దుగాల ఒచ్చిండు. బండిల ఏమన్న లామినేషన్ కాగితం దొరికిందా, ఏ పేపరన్న ఉందా అని సీట్లు లేపి లేపి సూసిండు."

శనివారం. కిష్టమ్మ క్లెయిమ్ పెట్టిందే సోమవారం. ఫైలు వచ్చింది నిన్న మధ్యాహ్నం అని చెప్పాడు. ఇస్సాకు చనిపోయిన మర్నాడే అసలు పాలసీ కోసం ఈ కారంతా గాలించాడు. దొరకలేదు. ఎక్కడుందో ఈరోజు నేనే, నా నోటితో, అడిగీ అడగ్గానే చెప్పాను. చెప్పిన మరుక్షణం ఆయన ఫోన్ చేశాడు. ఇవాళే అవ్వాలి. ఇప్పుడే. చెప్పిన పేరు గుర్తుందిగా.

టైము చూశాను. ఆ ఫోన్ చేసి ఇరవై రెండు నిమిషాలైంది.

కిష్టమ్మకి ఫోన్ చేశాను. ఐదుసార్లు మోగాక ఎత్తింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"మేడం, మీకే చేద్దామనుకుంటున్న. ఎవరో ఒచ్చి తలుపు కొడుతున్నడు. కిటికీలకెల్లి సూసిన. సన్నగున్నడు, చెవి మీద పెన్ను పెట్టుకున్నడు. ఆర్‌సీ దొరికింది, ఇస్తా, తలుపు తియ్యి అంటున్నడు."

"తియ్యకు! కిష్టమ్మా, విను, తలుపు..."

"మట్టయ్య భార్యవు నువ్వేనా అని అడిగిండు మేడం. ఆ పేరు వానికెట్ల తెలుసు?" ఆమె గొంతులో భయం లేదు, ఏడుపు ఉంది. "నేను మట్టయ్య భార్యను కాను, ఇస్సాకు భార్యనని చెప్పిన. నా మొగని పేరు నేను దాచుకుంటనా?"

నేను మాట్లాడుతూనే గేటు వైపు పరిగెత్తాను. గేటు బయట నా స్కూటీకి అడ్డంగా విశ్వేశ్వరరావు కారు ఆగి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. ఆయన స్టీరింగ్ వెనక కూర్చుని, అద్దం దించి, నన్నే చూస్తున్నాడు.

ఫోన్లో చెక్క విరిగిన చప్పుడు వినిపించింది.